ఆపడానికి వీల్లేని బ్యాక్‌గా ఆడటం ఎలా: కబడ్డీ కోర్టు నుంచి రగ్బీ గ్రౌండ్‌కు వచ్చేవాళ్ల కోసం

మీకు ఎదురొచ్చే డిఫెండర్ మిమ్మల్ని పడేయాలంటే అతనికి మూడు కుదరాలి. ఛాతీ మీ వైపు తిరిగి ఉండాలి. ముందు కాలు మీకు ఒక్క అడుగు దూరంలో నేల మీద నిలదొక్కుకోవాలి. మీరు ఏ పక్కకు వస్తారో ముందే తెలియాలి, ఎందుకంటే తల ఎటు పెట్టాలో, ఏ భుజం వేయాలో దాన్నిబట్టే తేల్చుకుంటాడు. ఈ మూడింట్లో ఒకటి చెడగొడితే పట్టు సడలుతుంది. రెండు చెడగొడితే 70 కిలోల మనిషి కూడా 95 కిలోలవాణ్ని దాటిపోతాడు. బలమైన బ్యాక్‌ను (బంతితో పరిగెత్తి దాడి చేసే ఆటగాణ్ని) ఆపలేకపోవడానికి కారణం అతని కండలేనని చూసేవాళ్లు అనుకుంటారు. అసలు పని ఢీకొనే ముందు మూడు అడుగుల్లోనే అయిపోతుంది.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కబడ్డీ, ఖోఖో, పరుగు పందేల నుంచి రగ్బీలోకి వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఆట కొత్తవాళ్లకు క్లుప్తంగా: 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌లో 1 నుంచి 8 నంబర్లు ఫార్వర్డ్‌లు, 9 నుంచి 15 బ్యాక్‌లు. 9 స్క్రమ్-హాఫ్, 10 ఫ్లై-హాఫ్, 12, 13 సెంటర్లు, 11, 14 వింగర్లు, 15 ఫుల్‌బ్యాక్. సెవెన్స్‌లో జట్టుకు 7 మందే, ఒక్కో సగం 7 నిమిషాలు, గ్రౌండ్ మాత్రం అదే. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ట్రైకి, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించి నేలకు ఆనిస్తే, 5 పాయింట్లు.

ముందు బరువు లెక్క

95 కిలోల మనిషి సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తే అతని ఊపు (బరువును వేగంతో గుణిస్తే) 665. 70 కిలోల మీరు అంత ఊపు తేవాలంటే సెకనుకు 9.5 మీటర్లు పరిగెత్తాలి. బంతి చేతిలో పెట్టుకుని, ఎదురుగా మనిషి ఉండగా, అది దాదాపు అసాధ్యం. అంటే ముఖాముఖి గుద్దుకుంటే తేలికవాడు ఓడతాడు. తేలికవాడికి ఉన్న దారి ఒక్కటే: గుద్దు నేరుగా పడకుండా అతని భుజం అంచున పడేలా చూడటం. బరువున్నవాడు కూడా ఇదే నేర్చుకుంటే ఇక అతన్ని ఎవరూ ఆపలేరు.

దీనికి న్యూజిలాండ్ వింగర్ జోనా లోము కన్నా మంచి ఉదాహరణ లేదు. 1.96 మీటర్ల ఎత్తు, సుమారు 119 కిలోల బరువు, అంత శరీరంతో స్ప్రింటర్ వేగం. 1995 ప్రపంచ కప్ సెమీఫైనల్లో, 20 ఏళ్ల వయసులో, కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు చేశాడు. అందరికీ గుర్తుండేది మొదటి ట్రైలో ఫుల్‌బ్యాక్ మైక్ క్యాట్ మీద నుంచి తొక్కుకుంటూ పోవడమే. ఆ వీడియో మళ్లీ చూడండి. క్యాట్ దగ్గరికి రాకముందే ఎదుటి వింగర్‌ను బయటి వైపు నుంచి దాటేశాడు. వెనక నుంచి కాలికి తగిలిన చెయ్యితో తూలాడు, తూలుతూనే ముందుకు వాలి ఉన్నాడు. ఆపాటికి అతను పూర్తి వేగంలో ఉన్నాడు, క్యాట్ మాత్రం నిలబడిపోయాడు. ఆరు రోజుల తర్వాత జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. దక్షిణాఫ్రికా ఆ లోమునే ఒక్క ట్రై కూడా చేయనివ్వలేదు, 15-12తో గెలిచింది. చేసిందల్లా అతను వేగం అందుకునే లోపే మీదికి రావడం, కాళ్లకు పట్టు వేయడం, ఒకడు పట్టగానే రెండోవాడు చేరడం. లోముకు జాగా దొరకలేదు, అంతే. బలం ఎంతున్నా దాన్ని వాడుకోవడానికి ఐదారు మీటర్ల జాగా కావాలి. కింద చెప్పే మెట్లలో మొదటి మూడూ ఆ జాగా సంపాదించడం గురించే.

1. బంతి రెండు చేతుల్లో ఉండాలి

బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తితే ఇక పాస్ ఇవ్వరని డిఫెండర్‌కు చెప్పేసినట్టే. రెండు చేతుల్లో, ఛాతీ ఎత్తున, వేళ్ల కొసలతో పట్టుకుంటే అతను మిమ్మల్నీ చూడాలి, మీ పక్కవాణ్నీ చూడాలి. ఆ అనుమానంతో అతని పాదం అరక్షణం ఆగుతుంది. అదే మీ లాభం.

సున్నంతో 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గీయండి. మీరిద్దరు, ఎదురుగా ఒక్కడు. నేరుగా అతని మీదికి పరిగెత్తి, రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరంలో పాస్ ఇవ్వాలా, ఉంచుకోవాలా తేల్చుకోండి. 6 మీటర్ల దూరంలోనే ఇచ్చేస్తే డిఫెండర్ పక్కకు జారి రెండోవాణ్ని పట్టుకుంటాడు. మీటరు దూరం వచ్చేదాకా ఆగితే పాస్ అతని చేతులకు తగులుతుంది. ఒక్కొక్కరు 20 సార్లు, ఎడమకు పది, కుడికి పది. కుడిచేతివాళ్లలో చాలామందికి కుడి వైపు పాస్ బలహీనంగా ఉంటుంది. దాన్ని మొదట్లోనే సరిచేసుకోకపోతే డిఫెండర్లు ఒకే మ్యాచ్‌లో కనిపెట్టేస్తారు.

బంతి 5వ సైజు, 410 నుంచి 460 గ్రాములు. వానాకాలం వచ్చే ముందు వారానికి ఒకరోజు బంతిని సబ్బు నీళ్ల బకెట్‌లో ముంచి ఇదే ప్రాక్టీస్ చేయండి. జులై, ఆగస్టుల్లో నల్లరేగడి గ్రౌండ్ మీద ఆడాల్సి వస్తే ఇది పనికొస్తుంది.

2. పరుగు గీత: ఆలస్యంగా బయలుదేరండి, వేగంగా అందుకోండి

కొత్తవాళ్ల పెద్ద తప్పు ఇక్కడే. పాస్ ఇచ్చేవాడి పక్కనే నిలబడతారు, బంతి అందేసరికి నిలుచునే ఉంటారు. నిలుచున్న మనిషిని పట్టుకోవడం ఎవరికైనా తేలిక. పాస్ ఇచ్చేవాడికి 6 నుంచి 8 మీటర్లు వెనక ఉండండి. అతని చేతుల్లోకి బంతి వచ్చాకే కదలండి. మీకు బంతి అందేసరికి పూర్తి వేగంలో పది వంతుల్లో తొమ్మిది వంతులు ఉండాలి. ముందే బయలుదేరితే బంతి కోసం ఆగాల్సి వస్తుంది, అప్పుడు వెనక నిలబడినా ఫలితం లేదు.

గీత ఎలా ఉండాలి? ముందు డిఫెండర్ లోపలి భుజం (బంతి వస్తున్న వైపున్నది) వైపు నేరుగా పోండి. అతను ఆ భుజం కాపాడుకోవడానికి లోపలికి తిరుగుతాడు. బంతి గాల్లో ఉండగా మీరు బయటి భుజం వైపు మళ్లండి. లేదా దీనికి తిరగేసి. ఎటైనా, మళ్లడం ఒక్కసారే, అదీ ఆలస్యంగా. రెండుసార్లు వంకరపోతే వేగం చచ్చిపోతుంది.

అడ్డంగా పరిగెత్తడం మాత్రం ఎప్పుడూ వద్దు. గ్రౌండ్ వెడల్పు గరిష్ఠంగా 70 మీటర్లు. ఆ పక్క గీత ఒక్క ట్యాకిల్ (పట్టుకుని పడేయడం) కూడా మిస్ కాని డిఫెండర్ లాంటిది, మీరు దాని వైపు పరిగెత్తిన ప్రతి మీటరూ ఎదుటి జట్టుకు సాయమే. కబడ్డీ రైడర్‌కు కోర్టులో ఆ మూల నుంచి ఈ మూలకు కదిలే అలవాటు ఉంటుంది. అక్కడ అది తెలివి, ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి.

3. పాదాలు

డిఫెండర్‌కు రెండు, మూడు మీటర్ల దూరంలో అడుగులు కురచ చేయండి. వేగం తగ్గించమని కాదు, అడుగు పొడవు తగ్గించి సంఖ్య పెంచమని. పాదం గాల్లో ఎంతసేపు ఉంటే అంతసేపు మీరు దిశ మార్చలేరు.

సైడ్‌స్టెప్: కుడికి పోవాలంటే ఎడమ పాదాన్ని తుంటి వెడల్పు కన్నా కొంచెం బయటికి వేసి, పాదం లోపలి అంచుతో నేలను తన్నండి. మోకాలు కాలి వేళ్ల మీదుగానే ఉండాలి, లోపలికి వాలితే లిగమెంట్ దెబ్బ తింటుంది. తన్నిన తర్వాత మొదటి అడుగు ముందుకే పడాలి. పక్కకు పడితే స్టెప్ బాగున్నా డిఫెండర్ అందుకుంటాడు.

చూపు ఎక్కడ? అతని కళ్ల మీద కాదు, తుంటి మీద, పాదాల మీద. మంచి రైడర్లకు ఇది వచ్చే ఉంటుంది. కార్నర్ ఆటగాడి ఏ కాలు బరువు మోస్తోందో చూసి ఆ పక్కకు పోవడం లాంటిదే. బరువు మోస్తున్న కాలు వెంటనే కదలలేదు, అటే పోండి. నడుము కిందికి దించి కదలడం కూడా కబడ్డీ నుంచి తెచ్చుకోండి.

తెచ్చుకోకూడనివి రెండు. మొదటిది, ఎదుటివాడి మీద నుంచి ఎగిరి దూకడం. కబడ్డీలో చప్పట్లు కొడతారు, రగ్బీలో ట్యాకిల్ చేయబోయేవాడి మీద నుంచి దూకితే ప్రమాదకరమైన ఆట కింద పెనాల్టీ. రెండోది, పట్టుబడగానే గీత వైపు చెయ్యి చాచి తల ముందుకు పడేయడం. దాని సంగతి తర్వాతి మెట్టులో.

4. ఢీ

పాదాలతో తప్పించుకోలేకపోతే తగలాల్సిందే. ఎడ్లు బరువు బండిని గట్టు మీదికి లాగేటప్పుడు చూడండి. నడుము దిగుతుంది, వెన్ను పొడుగ్గా నిలుస్తుంది, అడుగులు కురచగా వరసగా పడతాయి, ఒక్క గిట్ట కూడా అనవసరంగా గాల్లో ఉండదు. మీరు చేయాల్సింది కూడా ఇదే.

చివరి అడుగులో నడుము కాదు, మోకాళ్లు, తుంట్లు వంచి దిగండి. డిఫెండర్‌కు దూరంగా ఉన్న చేతిలోకి బంతి మార్చండి: ఒక కొన అరచేతిలో, రెండో కొన మోచేతి మడతలో, బంతి పక్కటెముకలకు ఆని ఉండాలి. అతని ఛాతీ మధ్యలోకి కాదు, అతని భుజం బయటి సగంలోకి పోండి. తగిలే క్షణంలో మీ ముందు పాదం అతని పాదాల పక్కకు చేరాలి. తర్వాత కనీసం ఐదు కురచ అడుగులు, టకటకా. మొదటి ట్యాకిల్‌తో పడిపోయేవాళ్లలో ఎక్కువమంది బలం లేక పడరు, తగలగానే కాళ్లు ఆపేసి పడతారు.

తల సంగతి గట్టిగా చెప్పాలి. తల దించి గుద్దొద్దు. మెడ వెన్నుతో ఒకే వరసలో, గడ్డం కొంచెం లోపలికి, కళ్లు తెరిచి ముందుకు. నిబంధనల ప్రకారం డిఫెండర్ మీ భుజాల పైన పట్టకూడదు కాబట్టి అతను కిందికే వస్తాడు. మీరూ తల దించితే రెండు తలలూ తగులుతాయి.

ప్రాక్టీస్‌కు కొన్న సామాను అక్కర్లేదు. రెండు గోనె సంచులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, వరి ఊక, పాత బట్టలు కలిపి 15 నుంచి 20 కిలోలు నింపి మూతి కుట్టండి. ఇసుక నింపితే రాయిలా గట్టిపడి భుజం ఎముక నొస్తుంది, వద్దు. ఒకరు సంచిని ఛాతీకి ఆనించి పట్టుకోవాలి, మీరు 5 మీటర్ల నుంచి వచ్చి అంచున తగిలి ఐదు అడుగులు తోసుకుపోవాలి. కుడి భుజంతో ఆరు, ఎడమతో ఆరు. మొదటి రెండు వారాలు నడక వేగంతోనే.

పడాల్సి వస్తే ముందుకు పడండి. పడ్డాక శరీరాన్ని పొడుగ్గా తిప్పి బంతిని మీ జట్టు వైపు చెయ్యి చాచినంత దూరంలో పెట్టండి. పట్టు పడి నేల తాకాక బంతిని వెంటనే వదలాలి, లేదా అందించాలి. పట్టుకుని ఉంటే పెనాల్టీ.

5. హ్యాండ్-ఆఫ్

అరచేయి తెరిచి డిఫెండర్‌ను తోసేయడం నిబంధనల్లో ఉన్నదే, మితిమీరిన బలం వాడకూడదు. పిడికిలి, మోచెయ్యి ముందు పెట్టడం తప్పు. చాలామంది నాలుగు మీటర్ల నుంచే చెయ్యి చాపుకుని వస్తారు. చాపిన చెయ్యి డిఫెండర్‌కు పిడి లాంటిది, పట్టుకుని లాగేస్తాడు. మోచెయ్యి మడిచి ఉంచి, అతని చేతులు మీ వైపు లేచిన క్షణంలో అతని ఛాతీకో భుజానికో అరచేయి ఆనించి తన్నినట్టు చాపండి. తోసిన ఊపుతో మీరు అతని నుంచి దూరం జరగాలి, అతను ఒక్కడే వెనక్కి జరిగితే సగం పనే అయినట్టు. కాళ్లకు దూకేవాడికైతే భుజం మీద కిందికి నొక్కి మోకాలు పైకి లాగండి.

రెండు చేతులకూ రావాలి. ఎడమ వింగర్‌కు సాధారణంగా బయటి చేతిలో, అంటే ఎడమ చేతిలో బంతి, కుడి చేత్తో హ్యాండ్-ఆఫ్.

6. ఆఫ్‌లోడ్

పట్టుబడ్డాక కూడా బంతిని అందించగలిగితే (దీన్నే ఆఫ్‌లోడ్ అంటారు) మిమ్మల్ని ఆపడానికి ఇద్దరు కావాలి: ఒకడు కాళ్లకు, ఒకడు బంతికి. ఆ రెండోవాడు వచ్చిన చోట జాగా ఖాళీ అవుతుంది. 2015 ప్రపంచ కప్ ఫైనల్లో రెండో సగం మొదలైన కాసేపటికే సోనీ బిల్ విలియమ్స్ ట్యాకిల్‌లో ఉండగానే బంతి వదిలాడు, మా నోను అందుకుని ట్రై చేశాడు. న్యూజిలాండ్ 34-17తో గెలిచింది.

ఆ వీడియోలు చూసి కుర్రాళ్లు ప్రతి ట్యాకిల్‌లోనూ ఒంటిచేత్తో విసరాలనుకుంటారు. మూడు షరతులు పెట్టుకోండి. మీ మోచెయ్యి డిఫెండర్ చేతుల వలయం దాటి బయట ఉండాలి. మీవాడు రెండు మీటర్ల లోపు ఉండి పిలవాలి. మీ భుజం అతని వైపు తిరిగి ఉండాలి. ఒక్కటి లేకపోయినా బంతితో కింద పడండి. మీ సొంత 22 మీటర్ల గీత (మీ గోల్ గీతకు 22 మీటర్ల దూరంలో ఉండేది) వెనక అయితే మూడూ ఉన్నా వద్దు.

నేర్చుకునే దారి: మోకాళ్ల మీద కూర్చుని, ఒకరు నడుము పట్టుకుని లాగుతుండగా, వెనక నుంచి నడిచొచ్చేవాడికి బంతి వదలడం. తర్వాత నిలబడి, తర్వాత నడుస్తూ, నాలుగో వారంలో పరిగెత్తుతూ. బంతిని విసరొద్దు, గాల్లో వదిలిపెట్టండి, మీవాడే దాని మీదికి పరిగెత్తి రావాలి.

7. ఒక్క పని కన్నా ఎక్కువ రావాలి

గుద్దుకుంటూ పోవడం ఒక్కటే వచ్చిన సెంటర్‌ను రెండు మ్యాచ్‌ల్లో కట్టిపడేస్తారు. ముగ్గురు మీ ఎదురుగా దగ్గరగా చేరతారు, అంతే. అదే సెంటర్‌కు 15 మీటర్ల పాస్ వస్తే ఆ ముగ్గురూ దగ్గరగా చేరలేరు. కాలితో తన్నడం వస్తే వెనకున్న ఫుల్‌బ్యాక్, వింగర్ ముందుకు రాలేరు. 15 మంది ఆటలో 50:22 నియమం దీన్ని ఇంకా పెంచింది: మీ సగం నుంచి తన్నిన బంతి గ్రౌండ్‌లో నేల తాకి, ఎదుటివాళ్ల 22 మీటర్ల ప్రాంతంలో పక్క గీత దాటితే లైన్‌ఔట్ త్రో (పక్క గీత నుంచి బంతిని లోపలికి విసరడం) మీకే. 2021లో ప్రయోగంగా వచ్చి తర్వాత ఖాయమైంది. మీ 12వ నంబరుకు ఈ కిక్ వస్తే ఎదుటి జట్టు ఒకణ్ని వెనక నిలపాలి, ముందు వరసలో ఒకడు తగ్గుతాడు. 103 టెస్టులు ఆడిన మా నోను కెరీర్ మొదట్లో గుద్దే ఆటగాడే. పాస్, కిక్ చేర్చుకున్నాకే అతన్ని చదవడం కష్టమైంది.

రోజూ ప్రాక్టీస్ చివర 10 నిమిషాలు మీ స్థానం కాని పని చేయండి. వింగర్ అయితే పైనుంచి పడే బంతులు పట్టడం, సెంటర్ అయితే నేల మీద దొర్లే కిక్.

8. శరీరం

వారానికి రెండు రోజులు బలం, రెండు రోజులు వేగం, మధ్యలో ఖాళీ.

బలం: 25 కిలోల బియ్యం బస్తా భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ 8 చొప్పున 3 సార్లు, అదే బస్తా ఛాతీకి హత్తుకుని ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచి దిగడం ఒక్కో కాలికి 8 చొప్పున 3 సార్లు, పుల్-అప్స్ వచ్చినన్ని 4 సార్లు. తొడ వెనక కండరానికి: మోకాళ్ల మీద నిలబడి, ఒకరు మడమలు నొక్కి పట్టుకోగా, వెన్ను వంగకుండా మెల్లగా ముందుకు వాలడం, 5 చొప్పున 3 సార్లు. స్ప్రింటర్లు ఎక్కువగా దెబ్బ తినేది ఆ కండరమే. మెడకు: అరచేతిని తలకు ఆనించి నాలుగు వైపులా 10 సెకన్ల చొప్పున తోయడం, తల కదలకుండా. ఇది మానేసి ఢీ ప్రాక్టీస్ చేయొద్దు.

వేగం: 10 మీటర్లు 6 సార్లు, 20 మీటర్లు 4 సార్లు, 30 మీటర్లు 3 సార్లు. ఒక్కోదాని మధ్య రెండు నిమిషాలు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి తగ్గిస్తే అది దమ్ము పెంచే ప్రాక్టీస్ అవుతుంది, వేగం పెరగదు. పంక్చర్ షాపులో పాత టైరు అడిగి, నడుముకు తాడు కట్టి 15 మీటర్లు లాగండి. మొదట టైరు బరువు మీ బరువులో పదో వంతుకు మించొద్దు.

తిండిలో రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్. 70 కిలోలవాళ్లకు 112 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు వస్తాయి, 100 గ్రాముల పల్లీలకు 25. పప్పు, పెరుగు, చికెన్‌తో మిగతాది నిండుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. పొద్దుగాల 5:30కి మొదలుపెట్టి 7:30 లోపు ముగించండి. ఎండిన చేనులో పత్తి కట్టెలు, మక్క మోళ్లు మిగిలి ఉంటే అక్కడ ఆడకండి, పడ్డప్పుడు చీల్చేస్తాయి. ఎండాకాలం నల్లరేగడి పగుళ్లలో పాదం ఇరుక్కుంటుంది, ఎర్రమట్టి గ్రౌండే మేలు, కాకపోతే ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లాలి.

తలకు దెబ్బ తగిలి తూలినా, చూపు మసకబారినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజు ఆట అక్కడితో సరి. స్కోరు ఎంతున్నా, ఆటగాడు బాగానే ఉన్నానన్నా మళ్లీ దింపకూడదు. డాక్టర్‌కు చూపించండి.

9. లెక్క పెట్టుకోండి

ప్రతి రెండు వారాలకు ఒకసారి ఫోన్‌ను పక్క గీత దగ్గర పెట్టి మీరు బంతితో పోయిన 10 పరుగులు తీయించండి. తర్వాత నెమ్మదిగా ఆడించి నాలుగు చూడండి. బంతి అందినప్పుడు కదులుతున్నారా, నిలుచున్నారా. డిఫెండర్ మీ మధ్యలో తగిలాడా, అంచునా. తగిలాక ఎన్ని అడుగులు వేశారు. ముందుకు పడ్డారా, వెనక్కా. నిలుచుని అందుకున్నవి మూడు కన్నా ఎక్కువుంటే రెండో మెట్టుకు తిరిగి రండి. మధ్యలో తగిలినవి సగం దాటితే మూడోది. అడుగులు రెండు, మూడు దగ్గరే ఆగుతుంటే సంచితో ఇంకో రెండు వారాలు. వెనక్కి పడటం ఎక్కువగా ఉంటే తగిలే క్షణం దగ్గర వీడియో ఆపి మీ తుంటి, అతని తుంటి పక్కపక్కన పోల్చండి. దాదాపు ప్రతిసారీ అతనిదే కింద ఉంటుంది.